సర్వం సెట్ మయం

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వెలువడినప్పుడు, అందులో అన్నింటికన్నా పెద్ద పద్దు ‘సెట్’ అనే చిన్న మాటదే. దానికి 430 అర్థాలు చెప్పడానికి దాదాపు 60,000 మాటలు ఖర్చయ్యాయని గిన్నిస్ వారు సైతం నమోదు చేశారు. తరువాత కొత్త కూర్పు పని మీద కూర్చున్న సంపాదకులు 2011 నాటికి ‘రన్’ అనే క్రియకు 645 అర్థాలు లెక్కతేల్చి, కిరీటం తీసి దాని నెత్తిన పెట్టారు. పరుగు మీద బతికే దేశాలకు ఆ తీర్పు నచ్చవచ్చు గాని, తెలుగువారు దాన్ని శిరసావహించవలసిన అగత్యం లేదని ఈ వ్యాసకర్త సవినయంగా మనవి చేస్తున్నాడు. ఆ సంపాదకుల్లో ఎవరూ కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా సిటీ బస్సులో నిలబడి వచ్చినట్టు లేదు. వచ్చి ఉంటే ‘పీజీ హాస్టల్ సెట్ అయిందా’, ‘బ్యాచ్ టైమింగ్ సెట్ అవ్వట్లేదు’, ‘ఆ అమ్మాయి వీడికి సెట్ కాదురా’, ‘లీవు సంగతి టీమ్ లీడర్‌తో సెట్ చేసుకున్నా’ అనే నాలుగు వాక్యాలు దిగవలసిన స్టాపు రాకముందే చెవిన పడి, ఇరవై ఒకటో సంపుటానికి కాగితం తెప్పించుకునేవారు.

ఈ మాటను మనకు అప్పగించి వెళ్ళినవారు ఎవరో తెలిసిందే. తమది రవి అస్తమించని సామ్రాజ్యమని దొరలు చెప్పుకునేవారు. సూర్యుడు అస్తమించడాన్ని కూడా వారి భాషలో సెట్ అవడమనే అంటారు కనుక, ఆ ఒక్క సూర్యుణ్ణి మాత్రం సెట్ కానివ్వకుండా తక్కిన అన్నింటినీ సెట్ చేసే పనిలో పడ్డారు. 1802లో ఉత్తర సర్కారుల జమీందార్లకు శిస్తు ఖాయపరచిన ఏర్పాటుకు పర్మనెంట్ సెటిల్‌మెంటు అని పేరు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేయడంతో ఆ పర్మనెంటు కాస్తా పోయింది గాని, సెటిల్‌మెంటు మాత్రం సర్వే శాఖ బోర్డు మీద నేటికీ క్షేమంగా ఉంది. సెట్‌కు దగ్గరి చుట్టమైన ఆ మాట ప్రస్తుతం ఒక కాలు ప్రభుత్వ శాఖలోనూ, రెండో కాలు తెల్లచొక్కా పెద్దమనుషుల రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లోనూ పెట్టి కాపురం చేస్తున్నది. ఏ కాలు ఎక్కువ బలమైనదో భూమి కొన్నవారిని అడగాలి.

చుట్టం సంగతి అలా ఉండగా, అసలు మాట మన పల్లెల్లోకి వచ్చినప్పుడు చివర ఉకారం తగిలించుకొని మర్యాదగానే వచ్చింది. మైకుసెట్టు, బ్యాండుసెట్టు, పంపుసెట్టు, రేడియోసెట్టు. ఇవన్నీ నామవాచకాలు, కంటికి కనిపించే వస్తువులు. మైకుసెట్టు అంటే రామాలయం పక్కన వేపచెట్టుకు మోకుతో ఎక్కించిన రెండు గొట్టాలు, బల్ల మీద ఆంప్లిఫయరు, కింద లారీ బ్యాటరీ, వాటి ముందు కూర్చొని పెళ్ళికొడుకు తండ్రిని సైతం మీట ముట్టనివ్వని ఒక కుర్రవాడు. ‘హలో, మైక్ టెస్టింగ్, ఒన్, టూ, త్రీ’ అని ఊరందరికీ ఇంగ్లీషు అంకెలు వినిపించిన తరువాతగాని ఆయన పాట పెట్టేవాడు కాదు. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా అద్దె ఇంత, కరెంటు పోతే బ్యాటరీకి అదనం ఇంత, గొట్టం ఊరి చివర ఇంకో చెట్టెక్కాలంటే తీగకు ఇంత అని బేరం తాంబూలాల నాడే తేలిపోయేది. గొట్టం మూగబోతే ఎవరిని నిలదీయాలో బడి పిల్లలకు కూడా తెలుసు.

పంపుసెట్టు సంగతి ఇంకా తేటతెల్లం. ఐదు హార్స్‌పవర్ల మోటారు, స్టార్టరు డబ్బా, మూడు ఫ్యూజులు. ఒక ఫేజు ఎగిరిపోయి మోటారు కాలితే దాన్ని విప్పి, మోటారుసైకిలు వెనుక కట్టుకొని, మండల కేంద్రంలో రీవైండింగు షాపుకు తీసుకుపోవాలి. అక్కడ ఎంత తీగ పడితే అంత బిల్లు. ఈ సెట్టు చుట్టూ ప్రభుత్వాలే ప్రదక్షిణలు చేశాయి. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం పెట్టింది రైతులకు ఉచిత విద్యుత్తు ఇచ్చే ఫైలు మీద. తెలంగాణ ప్రభుత్వం 2018 జనవరి 1 నుంచి ఆ ఉచిత విద్యుత్తును 24 గంటలూ ఇస్తామన్నది. తరువాత ఆ మోటారుకు మీటరు బిగించాలా వద్దా అనే విషయంలో రెండు రాష్ట్రాల నాయకులూ గొంతులు పోయేదాకా వాదించుకున్నారు. వాదన ఎటు పోయినా, వాదిస్తున్న వస్తువు ఎక్కడుందో ఇరుపక్షాలకూ తెలుసు. అది బోరు పక్కన, తుప్పుపట్టిన రేకు కింద ఉంది.

జిల్లా పేజీల్లో ఇప్పటికీ తరచుగా వచ్చే ‘ఎస్పీ సెట్ కాన్ఫరెన్స్’ అనే వార్త కూడా ఆ వస్తువుల కాలపు మిగులే. ఎస్పీ గారు వైర్‌లెస్ సెట్టు పుచ్చుకొని జిల్లాలోని స్టేషన్లన్నింటితో ఒకేసారి మాట్లాడడం దాని అర్థం. కొత్త పాఠకులు అక్కడ ఇంకేదో సెట్ అవుతున్నదని భావిస్తే ఆ దోషం పాఠకులది కాదు, కాలానిది.

ఈ వరుసలో పెళ్ళికానుకగా ప్రసిద్ధి పొందిన లెమన్‌సెట్టును ప్రస్తావించకపోతే అపచారం. ఒక జగ్గు, ఆరు గ్లాసులు, వాటిని ఎత్తుకు ఎత్తు కాపాడే అట్టపెట్టె. అందులో నిమ్మరసం పోసి ఎవరికైనా ఇవ్వగా చూసినవారు అరుదు. రంగు కాగితం మారుతుంది, పేరు చీటీ మారుతుంది, పెట్టె మాత్రం విప్పకుండానే పెళ్ళి నుంచి గృహప్రవేశానికి, గృహప్రవేశం నుంచి ఓణీల ఫంక్షన్‌కు ప్రయాణిస్తూనే ఉంటుంది. అయినా అది సెట్టే. లెక్కపెడితే గ్లాసులు ఆరూ ఉంటాయి.

ఎవరూ తేదీ రాసిపెట్టుకోని ఒకానొక రోజున ఈ మాట చివరి ఉకారాన్ని వదిలేసి, నామవాచకపు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ‘అవు’, ‘చేయు’ అనే రెండు క్రియలతో పొత్తు పెట్టుకుంది. దీని పర్యవసానం మన వైయాకరణులు ఇంకా గ్రహించినట్టు లేదు. అంతకుముందు సంబంధం కుదిరేది, జాకెట్టు అమరేది, అత్తాకోడళ్ళకు పొసగేది, పెరుగు తోడుకునేది, కొత్త ఊరి నీళ్ళు పడేవి, కుర్రవాడు స్థిరపడేవాడు, తగవు తీర్చేవారు, లంచం ఇచ్చేవారు. ఇన్ని క్రియల బరువును ఒక్కటే మోస్తున్నందుకు సెట్‌ను అభినందించవలసిందే. అన్నింటికన్నా ఆ చివరి క్రియను మర్యాదస్తుల నోటి నుంచి శాశ్వతంగా తప్పించినందుకు రెండు రాష్ట్రాలూ కలిసి ఒక పురస్కారం ఇచ్చినా ఎక్కువ కాదు. 2008లో ప్రాచీన భాష హోదా పొందిన తెలుగులో, పాపం, ఆ పనికి సరిపడినంత మెత్తని మాట ఉండేది కాదు. ‘ఆమ్యామ్యా’ ఉండేది గాని, అందులో నమిలే చప్పుడు వినిపించేది.

కొత్త ప్రయోగంలోని గొప్పతనమంతా కర్త లేకపోవడంలో ఉంది. ‘సెట్ అయింది’ అన్న వాక్యంలో ఎవరు, ఎవరికి, ఎంతకు, ఎందుకు అనే ప్రశ్నలు పుట్టకముందే పోతాయి. పెళ్ళి సంబంధాల రంగంలో ఇది ఎంత సౌకర్యంగా ఉందో చూడండి.

“ఏమైంది వదినా, ఆ గుంటూరు సంబంధం?”

“ఏం చెప్పమంటావమ్మా, సెట్ అవ్వలేదు.”

ఇంతే. సంభాషణ ముగిసింది. ఒకప్పుడైతే ఆ వదిన గారు ‘పిల్ల ఎత్తు చాలదన్నారు’ అనో, ‘పొలం మీద అప్పుందని తెలిసింది’ అనో, ‘జాతకంలో శని ఉన్నాడన్నారు గాని అసలు శని వాళ్ళ పెద్దాడపడుచు’ అనో చెప్పక తప్పేది కాదు. చెబితే ఊరంతా పాకేది, పాకితే నెలకు గాని చల్లారేది కాదు. ఇప్పుడు అమ్మాయికి అబ్బాయి జీతం నచ్చకపోయినా, అబ్బాయికి అప్పటికే వేరే అమ్మాయి నచ్చినా, ఇద్దరికీ నచ్చి కులాలు వేరైనా, కట్నం దగ్గర ఒక అంకె తేడా వచ్చినా జవాబు ఒక్కటే. తప్పు ఎవరిదీ కాదు. సంబంధమే తనంతట తాను సెట్ కాకుండా పోయింది.

సివిల్ ఇంజనీర్లు ఈ విషయంలో మనకన్నా నిజాయితీపరులు. భారతీయ ప్రమాణాల ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్ళు కలిపిన 30 నిమిషాలలోపు సెట్ అవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా సెట్ అయి తీరాలి. మరీ తొందరపడి బిగుసుకుపోకుండా ఫ్యాక్టరీలో క్లింకరు నూరేటప్పుడే కాస్త జిప్సం కలుపుతారు. ఇంకా పెద్ద సంగతి, సెట్ అవడం వేరు, గట్టిపడడం వేరు అని వారికి కాలేజీలోనే నూరిపోస్తారు. సెట్ అయిన శ్లాబు మీద అదే రోజు ఎవరూ గోడ లేపరు. చుట్టూ మట్టికట్టలు వేసి, రోజూ నీళ్ళు కట్టి, 28 రోజుల నాటి బలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మన సంబంధాలలో పెళ్ళిచూపుల కాఫీ చల్లారేలోపు సెట్ అవుతుంది, ఫంక్షన్ హాలు ఖాళీగా ఉన్న తేదీ చూసి పంతులు గారు ముహూర్తం పెడతారు, సంగీత్‌కు డ్యాన్సు మాస్టారు వస్తాడు, డ్రోన్ కెమెరా వస్తుంది, నీళ్ళు కట్టే దశ మాత్రం ఏ ప్యాకేజీలోనూ ఉండదు. జిప్సం పాత్ర పోషించవలసిన మేనత్తలను, అడక్కూడని ప్రశ్నలు అడుగుతారనే భయంతో, శుభలేఖలో పేరు వేసి సరిపెడుతున్నారు.

చదువుల రంగానికి వచ్చేముందు ఒక అభ్యంతరం తీర్చాలి. ఎంసెట్‌లో ఉన్నది అసలు సెట్ కాదని, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల పొడి అక్షరాలని ఎవరైనా లేచి అనవచ్చు. ఆ పండితుడికి నమస్కారం. కానీ తెలుగు లిపి ఆ రెండింటికీ తేడా పెట్టలేదు, తెలుగు చెవి అంతకన్నా పెట్టలేదు. ఎంసెట్, ఐసెట్, ఈసెట్, ఎడ్‌సెట్, లాసెట్, పాలిసెట్, పీఈసెట్, పీజీఈసెట్ అని వినగానే ఇవన్నీ ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ములని ఎవరికైనా తోస్తుంది. తెలంగాణలో గురుకుల పాఠశాలలో ఐదో తరగతి సీటు కావాలన్నా పిల్లవాడు సెట్ రాయవలసిందే. అక్కడ మొదలైనవాడు ఎదిగి, పీజీ ముగించి, అధ్యాపకుడు కాదలిస్తే రాయవలసిన రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష పేరు ముందూ వెనుకా తోక లేని వట్టి ‘సెట్’. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులో ఉస్మానియా దాన్ని నిర్వహిస్తాయి. ఇలా సెట్ రాసి చేరి, సెట్ రాసి పైకి వెళ్ళి, చివరికి సెట్ రాసి ఉద్యోగం సంపాదించినవాడు చేసే ఉద్యోగం సెట్ రాయబోయేవారికి పాఠాలు చెప్పడమే.

వైద్యవిద్య ప్రవేశాలు నీట్ చేతికి వెళ్ళిపోయాక ఎంసెట్‌లోని ‘ఎం’కు పని లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్ 2021లో, తెలంగాణ 2024లో పేరును ఈఏపీసెట్‌గా మార్చాయి. ఉత్తర్వులు వచ్చాయి, వెబ్‌సైట్లు మారాయి, తల్లిదండ్రుల నోళ్ళు మాత్రం మారలేదు. ఈఏపీసెట్ అని పూర్తిగా పలకడానికి పట్టే సమయంలో మావాడు ఒక బిట్టు చేసేస్తాడని వారి వాదన. ఆ వాదనను ఈ వ్యాసకర్త కొట్టిపారేయలేకపోతున్నాడు.

ఈ పరీక్షల్లో సెట్‌లోపల సెట్ కూడా ఉంటుంది. పక్కవాడి జవాబులు చూసి రాయకుండా ప్రశ్నపత్రాన్ని ఏ, బీ, సీ, డీ అనే సెట్లుగా అచ్చువేసిన కాలమొకటి ఉంది. 2016 జులైలో తెలంగాణలో వైద్యవిద్య కోసం జరిపిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం ముందే బయటపడిందని సీఐడీ దర్యాప్తులో తేలడంతో పరీక్షను రద్దు చేసి, సెప్టెంబరులో ఎంసెట్-3 పెట్టవలసి వచ్చింది. జరిగినదాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలంటే, సెట్‌లోని సెట్‌ను ఎవరో కొందరికి సెట్ చేశారు. ఆక్స్‌ఫర్డ్ పండితులు తమ 430 అర్థాలను ముందు పెట్టుకొని ఈ వాక్యానికి ప్రతిపదార్థం రాస్తే చదవాలని ఉంది. బిట్టు బిట్టుకూ పరుగెత్తి మొదటి రెండు పరీక్షలూ నిజాయితీగా రాసి, వేసవంతా అయిపోయాక మూడోసారి హాల్ టికెట్టు పుచ్చుకున్న పిల్లలకు మాత్రం ఆ వాక్యం వ్యాఖ్యానం లేకుండానే బోధపడింది.

అయితే ఈ మాటకు పట్టాభిషేకం జరిగినది ‘లైఫ్ సెట్’ అనే సమాసంలో. ‘పది ఒక్కటి గట్టెక్కితే లైఫ్ సెట్’ అని మొదలుపెడతారు. పది గట్టెక్కిన మర్నాడే, ‘ఇంటర్ రెండేళ్ళు కళ్ళు మూసుకొని కష్టపడు, తరువాత లైఫ్ సెట్’ అంటారు. ఆ రెండేళ్ళూ తెల్లవారుజామున ఒక స్టడీ అవరుతో మొదలై అర్ధరాత్రి దగ్గరలో మరో స్టడీ అవరుతో ముగుస్తాయి కనుక, కళ్ళు మూసుకోవడానికి మాత్రం టైంటేబుల్‌లో చోటుండదు. ఇంటర్ తరువాత మంచి కాలేజీలో కంప్యూటర్ సైన్సు వస్తే సెట్. వచ్చాక క్యాంపస్‌లో ప్లేస్‌మెంటు పడితే సెట్. పడ్డాక, ఈ జీతానికి హైదరాబాదులో ఏం మిగులుతుంది, ఎమ్మెస్‌కు వెళితే సెట్. వెళ్ళాక అక్కడి ఉద్యోగ వీసా హెచ్-1బీ తగిలితే సెట్. అది ఏడాదికి 65,000 మందికి, అమెరికాలో పైచదువు చదివినవారికి మరో 20,000 మందికి లాటరీ తీసి ఇచ్చేది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి, కోనసీమలోనూ కరీంనగర్‌లోనూ ఎన్ని ఇళ్ళలో టీవీల ముందు అన్నం కంచాలు ఎండిపోయాయో లెక్కగట్టే శాఖ ఏదీ మనకు లేదు.

లాటరీ తగిలాక గ్రీన్‌కార్డు వస్తే సెట్. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏటా ఇచ్చే కార్డుల్లో 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వల్ల, భారతదేశంలో పుట్టడమనే చిన్న పొరపాటు చేసినవారి వరుస ఎక్కడ ముగుస్తుందో తల ఎత్తి చూసినా కనిపించదు. డల్లాస్‌లో నాలుగు పడకగదుల ఇల్లు, రెండు కార్లు, తోటలో మునగచెట్టు ఉన్న నడివయసు మనిషి కూడా వారాంతపు వీడియో కాల్‌లో, “నాన్నా, కంపెనీ పెట్టిన ఐ-140 దరఖాస్తు అయిపోయింది, వరుసలో నా ప్రయారిటీ డేటు కదలాలి, కదిలితే లైఫ్ సెట్” అనే అంటున్నాడు. అంటూండగా వెనుక అతడి కూతురు స్పెల్లింగ్ బీకి అక్షరాలు వల్లెవేస్తూ ఉంటుంది. అది గెలిస్తే ఆ పిల్లకు సెట్.

ఇక్కడ వ్యాకరణపరంగా ఒక విశేషం ఉంది. ఈ మాట ఉత్తమ పురుషలో ఎప్పుడూ షరతుతోనే, రాబోయే కాలంలోనే కనిపిస్తుంది. భూతకాలం దానికి ప్రథమ పురుషలో తప్ప అబ్బలేదు. ‘వాళ్ళబ్బాయి సెట్ అయిపోయాడండీ’ అని వీధి అరుగు మీద అనేవారు కోకొల్లలు. ‘నేను సెట్ అయిపోయాను’ అని చెప్పిన తెలుగువాడు ఈ వ్యాసకర్తకు ఎదురుపడలేదు. ఆ వీడియో కాల్ ముగించి అరుగు మీదకు వచ్చిన తండ్రి, ప్రయారిటీ డేటు ఊసెత్తకుండా, “మావాడు సెట్ అయిపోయాడు” అని ప్రథమ పురుషలో ప్రకటించి, పక్కింటివారి ఇంటర్ కుర్రవాడికి ఆ రాత్రి ఇంకో స్టడీ అవరు పెట్టిస్తాడు.

‘సెట్ చేయడం’ అనే రెండో శాఖ ఇంతకన్నా సూక్ష్మమైనది. ఏ ఊరని అడగకండి, ఏ ఊరైనా ఒకటే. రిజిస్ట్రారు ఆఫీసు బయట జామచెట్టు కింద, విరిగిన చేతిని తీగతో కట్టిన ప్లాస్టిక్ కుర్చీలో దస్తావేజు లేఖరి కూర్చొని ఉంటారు. మీరిచ్చిన లింకు డాక్యుమెంట్లను వెనుక నుంచి ముందుకు తిరగేసి, ఆస్తి లావాదేవీల చిట్టా అయిన ఈసీ మీద వేలు పెట్టి, ఒకచోట ఆగి, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుంటారు. “సర్వే నంబరులో బై నంబరు కలవడం లేదండీ” అంటారు. మీరు గుటకలు మింగడానికి తగిన వ్యవధి ఇస్తారు. ఆ తరువాత, “కంగారేం లేదు బాబుగారూ, లోపల మాట్లాడి సెట్ చేద్దాం” అంటారు. ఆ ‘ద్దాం’ను గమనించాలి. ‘చేస్తాను’ అనలేదు, అంటే రేపు అడిగే హక్కు మీకుంటుంది. ‘చేయిస్తాను’ అనలేదు, అంటే లోపలివారి పేరు బయటపడుతుంది. ‘చేద్దాం’ అన్నారు. అందులో ఆయన ఉన్నారు, లోపలి సారు ఉన్నారు, కవరు పుచ్చుకొని నిలబడిన మీరూ ఉన్నారు. నేరంలోనూ పుణ్యంలోనూ ముగ్గురికీ సమాన వాటా ఇచ్చిన ఇంతటి ప్రజాస్వామిక క్రియారూపం ప్రపంచ భాషల్లో మరొకటి దొరకడం కష్టం.

ఆటల్లో ఈ మాట చేసిన సేవ చిన్నది. బ్యాడ్మింటన్ నిబంధనల పుస్తకంలో ఉన్నది గేమ్ అనే మాట, సెట్ కాదు. అయినా 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో పి.వి. సింధు 21-19తో మొదటిది గెలిచి తరువాతి రెండూ కరోలినా మారిన్‌కు కోల్పోయిన సాయంత్రం, తెలుగునాట ప్రతి ఇంట్లోనూ పోయినవి రెండు సెట్లే. సినిమాలో దీని సేవ పెద్దది. 1996లో హైదరాబాదు శివార్లలో 1,666 ఎకరాలలో వెలసి, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ కెక్కిన ఊరే మనకు ఉంది. ముందు గోడ ఉండి వెనుక సరుగుడు కర్రలుండే ఆ విద్య మీద మన ప్రభుత్వాలకు గౌరవం ఎక్కువ. కొత్త రాజధాని భవనాల నమూనాల మీద 2017లో ఒక ప్రముఖ సినీ దర్శకుడి సలహా కూడా తీసుకున్నారు. కర్రల విషయమై మాత్రం ఎవరి సలహా తీసుకున్నారో పత్రికల్లో రాలేదు.

గణిత పండితులు సెట్‌కు ‘సమితి’ అని పేరు పెట్టుకొని తెలంగాణ పదో తరగతి పుస్తకంలో రెండో అధ్యాయం చేశారు. ఆ లెక్కన 193 మూలకాలున్న ఐక్యరాజ్య సమితి కూడా సెట్టే అవుతుంది. యుద్ధాలు నడుస్తున్న రోజుల్లో దానికీ శూన్య సమితికీ తేడా ఏమిటని ఏ విద్యార్థి అయినా అడిగితే, ఉపాధ్యాయులు ఆ ప్రశ్న పరీక్షలో రాదని చెప్పి తప్పించుకోవడం మేలు. రెండు సమితులకూ ఉమ్మడిగా ఉండే మూలకాలను ఛేదనం అంటారని అదే అధ్యాయంలో ఉంది. ఎన్నికలైన మరుసటి నెల ఎమ్మెల్యేలలో ఆ లక్షణం కనిపిస్తే దానికి రాజ్యాంగం పదో షెడ్యూలులో ఫిరాయింపు అనే వేరే పేరుంది గాని, ఆ లెక్క చేయవలసినది స్పీకరు గారు కనుక జవాబు ఆ పేజీ వెనుక దొరకదు.

ఇంతటి మహత్తర పదాన్ని అదుపు లేకుండా వదిలేయడం సమాజానికి క్షేమం కాదని భావించి, ఈ వ్యాసకర్త ఒక ముసాయిదా చట్టం తయారుచేశాడు. దీని ప్రకారం ఉకారాంతమైన సెట్టు అమ్మేవారికీ, అద్దెకిచ్చేవారికీ, బాగుచేసేవారికీ పూర్తి మినహాయింపు ఉంటుంది, వారు అడ్వాన్సు ఎంతో బాకీ ఎంతో ముందే చెబుతున్నారు గనుక. ఉకారం లేని సెట్‌ను వాడదలచినవారు మాత్రం వాక్యంలో కర్తను విధిగా చూపాలి. సంబంధం సెట్ కాలేదన్నవారు అసలు కారణాన్ని 600 నిమిషాలలోపు ఒక మేనత్తకైనా మౌఖికంగా తెలియజేయాలి. ప్రభుత్వ కార్యాలయాలకు నూరు గజాల లోపల ‘చేద్దాం’ అనే రూపాన్ని నిషేధించి, ఏకవచనాన్ని మాత్రమే అనుమతించాలి. అన్నదెవరో ఆ కుర్చీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

అన్నింటికన్నా కఠినమైన నిబంధన లైఫ్ సెట్‌కు సంబంధించినది. ఆ మాట పిల్లల ఎదుట ఉచ్చరించే తల్లిదండ్రులు, బాబాయిలు, ట్యూషను మాస్టార్లు, కాలేజీ డీన్లు నూరు రూపాయల స్టాంపు కాగితం మీద, ఏ తేదీన, ఎన్ని గంటలకు సెట్ అవుతుందో రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించి పిల్లవాడి చేతికి ఇవ్వాలి. తేదీని ఒకసారి మాత్రమే, అదీ పిల్లవాడి లిఖితపూర్వక అంగీకారంతో, వాయిదా వేసుకోవచ్చు. గడువు దాటితే పరిహారం కింద అతడికి వరుసగా రెండేళ్ళపాటు ఉదయం ఎనిమిదింటి వరకు నిద్రపోయే హక్కు సంక్రమిస్తుంది. స్పెషల్ క్లాసుల్లో పోయిన దసరా, సంక్రాంతి సెలవులను విడిగా లెక్కగట్టి, వడ్డీతో సహా, ఎండాకాలంలో కాకుండా మామూలు రోజుల్లోనే ఇవ్వాలి.